నడకకు తగిన చెప్పులు: పాదాలకూ, కిడ్నీలకూ రక్షణ



షుగరు, బి.పి., అధిక బరువు ఉన్నవారికి డాక్టర్లు మొదట చెప్పే మాట "రోజూ నడవండి" అని. పెద్దవారు వారానికి కనీసం 150 నిమిషాలు, అంటే రోజుకు అరగంట చొప్పున ఐదు రోజులు, కాస్త వేగంగా నడవడం మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా ఇస్తోంది. ఈ సలహా విని చాలామంది ఉత్సాహంగా నడక మొదలుపెడతారు. రెండు వారాలు గడిచేసరికి మడమ నొప్పి, మోకాలి నొప్పి, వేళ్ళ మీద బొబ్బలు వస్తాయి. అప్పుడు కొందరు నడక మానేస్తారు. మరికొందరు మందుల షాపులో నొప్పి బిళ్ళలు కొనుక్కుని, అవి మింగుతూ నడుస్తారు.

మొదటిది నష్టం. రెండవది, ముఖ్యంగా మన ఉద్దానం ప్రాంతంలో, ప్రమాదం. సరైన చెప్పులు వేసుకుంటే ఈ రెండూ చాలావరకు తప్పుతాయి.

నొప్పి బిళ్ళకూ కిడ్నీకీ సంబంధం ఏమిటి?

ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాలలో కిడ్నీ జబ్బు ఎన్ని కుటుంబాలను కుంగదీసిందో మీకు మేము చెప్పనక్కర లేదు. ఈ బాధను చూసే 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధనా కేంద్రం ప్రారంభమయ్యాయి. ఉద్దానంలో ఈ జబ్బు ఇంతగా రావడానికి ఇదొక్కటే కారణమని పరిశోధకులు ఇంకా తేల్చలేదు. అయితే ఒక విషయంలో మాత్రం వైద్యులకు సందేహం లేదు. ఇప్పటికే దెబ్బతిన్న కిడ్నీని నొప్పి బిళ్ళలు ఇంకా దెబ్బతీస్తాయి.

అది ఎలా జరుగుతుందో చూడండి. మన శరీరంలో ప్రోస్టాగ్లాండిన్లు అనే పదార్థాలు తయారవుతుంటాయి. దెబ్బ తగిలిన చోట నొప్పిని, వాపును కలిగించేవి ఇవే. కిడ్నీలోకి రక్తం తీసుకువెళ్ళే సన్నని నాళాలను అవసరమైనప్పుడు తెరిచి ఉంచేవి కూడా ఇవే. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్, నిమెసులైడ్, పైరాక్సికామ్ వంటి బిళ్ళలు ఈ పదార్థాల తయారీని అడ్డుకుంటాయి. కాబట్టి ఒకవైపు నొప్పి తగ్గుతుంది, మరోవైపు కిడ్నీకి అందే రక్తం కూడా తగ్గుతుంది. ఎండలో చెమటోడ్చి పనిచేసి, ఒంట్లో నీరు తగ్గి ఉన్నప్పుడు ఈ బిళ్ళ వేసుకుంటే హాని మరింత ఎక్కువ.

కిడ్నీ జబ్బు మొదటి దశల్లో ఏ బాధా తెలియదు. రక్తంలో క్రియాటినిన్, మూత్రంలో ప్రోటీన్ పరీక్ష చేయిస్తేనే బయటపడుతుంది. "నాకు కిడ్నీ జబ్బు లేదు, నేను వేసుకోవచ్చు" అని పరీక్ష లేకుండా అనుకోకండి. డాక్టరు రాయకుండా నొప్పి బిళ్ళ, నొప్పి ఇంజెక్షను వద్దు.

నొప్పి శత్రువు కాదు

1946లో వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలకు వచ్చిన డాక్టర్ పాల్ బ్రాండ్ కుష్ఠు రోగుల చేతులు, పాదాలను శ్రద్ధగా పరిశీలించారు. కుష్ఠు వల్ల వేళ్ళు వాటంతట అవే రాలిపోతాయని అప్పట్లో అందరూ నమ్మేవారు. అది నిజం కాదని ఆయన గుర్తించారు. వ్యాధి వల్ల నరాలు మొద్దుబారి నొప్పి తెలియకపోవడంతో, ముల్లు గుచ్చుకున్నా, చెప్పు కరిచినా రోగి అలాగే నడుస్తున్నాడు. పుండు ముదిరి చివరకు వేలు పోతోంది. అందుకే ఆయన నొప్పిని దేవుడిచ్చిన వరంగా భావించారు. మెత్తని రబ్బరు అట్టతో చేసిన ఎం.సి.ఆర్. చెప్పులు కుష్ఠు రోగుల పాదాలను కాపాడాయి. ఈనాడు షుగరు రోగులకు కూడా అవే చెప్పులు ఉపయోగపడుతున్నాయి.

మనం నేర్చుకోవలసినది ఇదే. నడిచేటప్పుడు పాదం నొప్పి పెడితే అది ఒక హెచ్చరిక. బిళ్ళతో దాని నోరు మూయకండి. ముందుగా మీ చెప్పును తిరగేసి చూడండి.

పాదం చేసే పని

ఒక్కొక్క పాదంలో 26 ఎముకలు ఉన్నాయి. రెండు పాదాలలో కలిపి 52. అంటే శరీరంలోని 206 ఎముకలలో నాలుగో వంతు పాదాలలోనే ఉన్నాయి. అరగంట వేగంగా నడిస్తే సుమారు 3000 అడుగులు వేస్తాము. ప్రతి అడుగులో మన బరువంతా, ఇంకొంచెం ఎక్కువే, ఒక పాదం మీద పడుతుంది. మొదట మడమ, తరువాత పాదం అంచు, చివరకు బొటనవేలి మొదలు నేలకు తగులుతాయి. మంచి చెప్పు ఈ మూడు చోట్లా బరువును పంచి, పాదం అటూ ఇటూ జారకుండా పట్టి ఉంచుతుంది.

హవాయి చెప్పులు చాలవా?

ఇంట్లోనూ, స్నానాల గది దగ్గరా హవాయి చెప్పులు ఫరవాలేదు. రోజూ అరగంట వేగంగా నడవడానికి మాత్రం అవి తగవు. వెనుక పట్టీ లేదు కాబట్టి, చెప్పు జారిపోకుండా వేళ్ళు ముడిచి పట్టుకుని నడవవలసి వస్తుంది. దానివల్ల పిక్కలు, పాదం అడుగుభాగం త్వరగా అలసిపోతాయి. మడమ దగ్గర అట్ట అరిగిపోయాక నేల మీద నడిచినట్లే ఉంటుంది. తుమ్మ ముల్లు సులభంగా దిగిపోతుంది. బొటనవేలి సందులో తాడు ఒరుసుకుని పుండు పడవచ్చు.

వెనుక పట్టీ ఉన్న బెల్టు చెప్పులు, లేదా లేసులున్న కాన్వాసు బూట్లు, వాకింగ్ బూట్లు మంచివి. పేరున్న కంపెనీవే కొనాలని లేదు. ఖరీదు కన్నా కొలత ముఖ్యం.

కొనేటప్పుడు ఇవి చూడండి

1. సాయంత్రం పూట కొనండి. పగలంతా తిరిగాక పాదాలు కొంచెం ఉబ్బుతాయి. ఉదయం సరిపోయిన బూటు సాయంత్రానికి బిగుతవుతుంది.

2. నిలబడి కొలత ఇవ్వండి. కూర్చున్నప్పటి కన్నా నిలబడినప్పుడు పాదం సాగుతుంది. రెండు పాదాలూ కొలవండి. చాలామందికి ఒకటి కొంచెం పెద్దదిగా ఉంటుంది. పెద్ద పాదానికి సరిపోయేదే తీసుకోండి.

3. నంబరును మాత్రమే నమ్మకండి. ఒక కంపెనీ 8వ నంబరు, మరొక కంపెనీ 8వ నంబరు ఒకటిగా ఉండవు. ఇంటి దగ్గర కాగితం మీద నిలబడి పెన్సిలుతో పాదం చుట్టూ గీత గీసి, ఆ బొమ్మను కత్తిరించి షాపుకు తీసుకువెళ్ళండి. దానిని బూటు లోపలి అట్ట మీద పెట్టి చూడండి. అంచులు బయటకు వస్తే ఆ బూటు మీకు ఇరుకు.

4. అన్నిటికన్నా పొడవైన వేలికి ముందు ఒక బొటనవేలి వెడల్పు ఖాళీ ఉండాలి. వేళ్ళను లోపల కదిలించగలగాలి. ముందు భాగం మొనదేలి ఉండకూడదు.

5. బూటును రెండు చేతులతో వంచండి. వేళ్ళు మొదలయ్యే చోట వంగాలి. నడి మధ్యలో మడతపడితే అది పాదానికి ఆధారం ఇవ్వదు. మడమ వెనుక భాగం నొక్కితే అణగకుండా గట్టిగా ఉండాలి.

6. మడమ ఎత్తు ఒక అంగుళం దాటకూడదు. అడుగున గాళ్ళు ఉండాలి. నున్నని సోలు వానలో జారుతుంది.

7. లోపల చెయ్యి పెట్టి తడమండి. కుట్లు, మేకులు, గట్టి అంచులు తగలకూడదు. మీరు వాడే మేజోళ్ళు తొడుక్కునే వేసి చూడండి.

8. షాపులోనే పది అడుగులు నడవండి. "వేసుకుంటే సాగుతుందిలెండి" అనే మాట నమ్మి కొనకండి. షాపులో కరిచే బూటు ఇంట్లోనూ కరుస్తుంది.

పాత బూటును బల్ల మీద పెట్టి వెనుకనుంచి చూడండి. ఒకవైపుకు ఒరిగినా, అడుగున గాళ్ళు అరిగిపోయినా, లోపలి మెత్త అణగిపోయినా మార్చండి. పైన కొత్తగా కనబడుతున్నదని అలాగే వాడకండి.

మన నేల, మన పని

ఉద్దానం కొబ్బరి, జీడి తోటలలో నేల ఇసుక నేల. ఇసుక బూటులోకి పోయి చర్మాన్ని గీస్తుంది. తోటనుంచి రాగానే బూటు విప్పి దులపండి, మేజోళ్ళు మార్చండి. సముద్రపు ఒడ్డున నడిచేవారు ఏటవాలుగా ఉన్న చోట కాక, తడిసి గట్టిపడిన సమతలం మీద నడవాలి. ఏటవాలులో ఒక కాలి మీద భారం ఎక్కువై మోకాలు, నడుము నొప్పి వస్తాయి.

హరిశ్చంద్రపురం, కోటబొమ్మాళి వైపు పొలం గట్ల మీద నడిచేవారు వేళ్ళు కనబడని మూసిన బూట్లు వేసుకోండి. చీకటి ఉండగా టార్చిలైటు లేకుండా బయలుదేరకండి. పాము కాట్లు ఎక్కువగా పాదాల మీదే పడతాయి. రోడ్డు మీద నడిచేవారు ఎదురుగా వచ్చే బండ్లు కనబడేలా కుడివైపు అంచున నడవాలి.

పలాస, కాశీబుగ్గ జీడి పరిశ్రమలలో పనిచేసే అక్కచెల్లెళ్ళకు ఒక మాట. జీడిపిక్క తొక్కలోని నూనె చర్మాన్ని కాలుస్తుంది. వట్టి పాదాలతో, తెరిచిన చెప్పులతో పని చోటికి వెళ్ళకండి. పనికి వాడిన చెప్పులనే నడకకు వాడకండి.

షుగరు ఉన్నవారు మరింత జాగ్రత్త

షుగరు చాలా ఏళ్ళు అదుపులో లేకపోతే పాదాల నరాలు మొద్దుబారుతాయి. చెప్పు ఎక్కడో జారిపోయినా తెలియక అలాగే నడిచి వచ్చినవారు ఉన్నారు. మీ పాదాలకు స్పర్శ ఉందో లేదో ఇంట్లోనే చూసుకోవచ్చు. మీరు కళ్ళు మూసుకోండి. ఇంట్లో మరొకరు మీ బొటనవేలి కొనను, మధ్యవేలి కొనను, చిటికెనవేలి కొనను వేలితో ఒకటి రెండు క్షణాలు తేలికగా తాకాలి. నొక్కకూడదు. రెండు పాదాలకు కలిపి ఆరు చోట్లలో రెండు, అంతకన్నా ఎక్కువ చోట్ల తెలియకపోతే స్పర్శ తగ్గినట్లు. వెంటనే డాక్టరుకు చూపించండి.

స్పర్శ తగ్గినవారు ఇంట్లో కూడా వట్టి పాదాలతో నడవకూడదు. వేళ్ళ మధ్య తాడు ఉండే చెప్పులు వద్దు. ఎం.సి.ఆర్. అట్ట ఉన్న చెప్పులు ఎక్కడ దొరుకుతాయో మా ఆసుపత్రిలో అడగండి. కొత్త చెప్పులు మొదటి రోజు అరగంటే వేసుకుని, విప్పి, ఎర్రని మచ్చలున్నాయేమో చూసుకోండి. తరువాత రోజుకు కొంచెం చొప్పున పెంచండి. వేసుకునే ముందు ప్రతిసారీ లోపల చెయ్యి పెట్టి రాయి, ముల్లు ఉన్నాయేమో చూడండి. ఆనెలను బ్లేడుతో కోయకండి. పగుళ్ళకు కొబ్బరినూనె రాయవచ్చు, వేళ్ళ సందుల్లో మాత్రం రాయకండి.

చర్చి ఆవరణలోనూ, పెళ్ళి పందిళ్ళలోనూ చెప్పులు విప్పవలసి వస్తుంది. వేసవిలో కాలిన బండ మీద రెండు నిమిషాలు నిలబడినా స్పర్శ లేని పాదం బొబ్బలెక్కుతుంది. ఇలాంటివారు లోపల వాడడానికి శుభ్రమైన మరొక జత తీసుకువెళ్ళవచ్చు. ఇందులో అమర్యాద ఏమీ లేదు. సంఘ పెద్దలకు ముందుగా చెప్పండి, వారు అర్థం చేసుకుంటారు.

యేసు ప్రభువు తన శిష్యుల పాదాలు కడిగి తుండుగుడ్డతో తుడిచిన సంగతి యోహాను సువార్త 13వ అధ్యాయంలో చదువుతాము. కళ్ళు సరిగా కనబడని అమ్మ, నాన్న, తాత, మామ్మల పాదాలను రాత్రిపూట కడిగి, తడి తుడిచి, అరికాళ్ళు దీపం వెలుగులో చూడడం కూడా ఆ సేవే. ఐదు నిమిషాల ఈ పని ఒక కాలును కాపాడగలదు.

చెప్పు ఉన్నట్టుండి బిగుతైతే

నిన్నటిదాకా సరిపోయిన చెప్పు రెండు పాదాలకూ బిగుతవుతున్నదా? చీలమండ పైన వేలితో కొన్ని క్షణాలు నొక్కి వదలండి. గుంట అలాగే ఉంటే కాలికి నీరు పట్టినట్లు. ఇది కిడ్నీ, గుండె, కాలేయ జబ్బులకు గుర్తు కావచ్చు. పెద్ద చెప్పులు కొనడానికి కాదు, పరీక్షలకు వెళ్ళండి. ఒక కాలు మాత్రమే వాచితే బోదకాలు, నరంలో రక్తం గడ్డకట్టడం, చీము పట్టడం వంటి కారణాలు ఉండవచ్చు. దానినీ ఆలస్యం చేయకూడదు.

మడమ నొప్పి వస్తే ఏం చేయాలి?

ఉదయం మంచం దిగి మొదటి అడుగు వేయగానే మడమలో పోటు వచ్చి, నాలుగు అడుగులు వేశాక తగ్గుతుంటే, అది అరికాలి కింది పట్టీ వాపు వల్ల కావచ్చు. బిళ్ళ లేకుండానే చాలామందికి ఇది నయమవుతుంది, కాని కొన్ని నెలలు ఓపిక పట్టాలి. మెత్తని మడమ ఉన్న చెప్పులు ఇంట్లో కూడా వాడండి. మంచం దిగే ముందు తువాలును పాదం కింద వేసి మీ వైపు లాగి, అర నిమిషం పట్టి ఉంచండి. రోజుకు కొన్నిసార్లు గోడకు చేతులు ఆనించి పిక్కలను సాగదీయండి. చల్లని నీళ్ళ సీసాను అరికాలి కింద పెట్టి దొర్లించండి (స్పర్శ తగ్గినవారు ఇది చేయకూడదు). కొన్నాళ్ళు నడక తగ్గించి మళ్ళీ మెల్లగా పెంచండి.

అప్పటికీ తగ్గకపోతే డాక్టరును కలవండి. మీకు షుగరు, బి.పి., కిడ్నీ జబ్బు ఉంటే ఆ మాట ముందే చెప్పండి. మందుల షాపువారికి కూడా చెప్పండి. దానిని బట్టి మీకు తగిన మందును, మోతాదును డాక్టరు నిర్ణయిస్తారు.

పాదం మీద పుండు, చీము, దుర్వాసన, నల్లబడిన వేలు, పాదం ఎర్రబడి వేడెక్కడం, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా రేపటిదాకా ఆగకండి. నొప్పి లేదని ఊరుకోకండి. షుగరు రోగికి నొప్పి లేకపోవడమే ఎక్కువ ప్రమాదం.

ముఖ్యంగా గుర్తుంచుకోండి

- నడక మానకండి. చెప్పులు మార్చండి.
- కొలత చూసి, సాయంత్రం పూట, నడిచి చూసి కొనండి.
- నొప్పి వస్తే మొదట చెప్పును చూడండి, తరువాత డాక్టరును కలవండి. మీ అంతట మీరు నొప్పి బిళ్ళ వేసుకోకండి.
- ఏడాదికి ఒకసారి క్రియాటినిన్, షుగరు, బి.పి. పరీక్షలు చేయించుకోండి.

చెప్పులకు పెట్టే ఖర్చు వృథా ఖర్చు అనుకోకండి. నలుగురి కడుపు నింపడానికి రోజంతా తిరిగే పాదాలు అవి. దేవుడు మీ కుటుంబాలకు మంచి ఆరోగ్యం అనుగ్రహించాలని మా ప్రార్థన.