వంతు ఇద్దరిది

ఆటిజం ఉన్న పిల్లలకు నలుగురిలో మెలగడం నేర్పాలంటాం. మరి ఆ నలుగురికి ఎవరు నేర్పాలి?

ఏప్రిల్ 2 ప్రపంచ ఆటిజం అవగాహన దినం. ఆ వారం సంచికకు ముఖచిత్ర కథనం కావాలన్నారు సంపాదకులు. తమిళనాడు విరుదునగర్ జిల్లాలోని తిరుత్తంగల్ లాంటి ఊళ్లోని ప్రాథమిక పాఠశాలలో ఈ పిల్లలకు కలివిడితనం ఎలా నేర్పాలన్నది అంశం. పోగేసిన కాగితాల్లో ఒక్కటి నన్ను వదల్లేదు.

అది సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లోని జాతీయ సంస్థలో తయారైంది. ఆటిజాన్ని అంచనా వేసే భారతీయ కొలమానం, పొట్టిగా ‘ఇసా’. 2009లో వచ్చింది. మొత్తం 40 అంశాలు, ఒక్కోదానికి 1 నుంచి 5 మార్కులు. 70కి చేరితే ఆటిజం ఉన్నట్టు, 153 దాటితే తీవ్రంగా ఉన్నట్టు. వైకల్య సర్టిఫికెట్‌కు ఆధారం ఇదే కాబట్టి దీని విలువను తక్కువ చేయను.

మొదటి తొమ్మిది అంశాలూ నలుగురితో మెలగడం గురించే. కళ్లలోకి చూడకపోవడం, పలకరింపుగా నవ్వకపోవడం, ఎడంగా ఉండిపోవడం, ఒంటరిగా ఒకే ఆట ఆడుకోవడం... ఎనిమిదోది వంతులు పాటించలేకపోవడం. తొమ్మిదోది తోటిపిల్లలతో స్నేహం నిలవకపోవడం.

ఎనిమిదో అంశం దగ్గరే ఆగిపోయాను. వంతు ఒక్కరిది కాదు. ఒకరు ఇస్తేనే ఇంకొకరు తీసుకోగలరు. స్నేహమూ అంతే. మార్కులు మాత్రం ఒక్క బిడ్డకే. పక్కపిల్లలు పిలిచారా, ఆగారా అని ఆ తొమ్మిదింటిలో ఏదీ అడగదు.

అమెరికాలో కోనీ కసారి అనే పరిశోధకురాలి బృందం ఎవరికి నేర్పాలన్న ప్రశ్నే అడిగింది. 30 బడుల్లో 60 మంది ఆటిజం పిల్లలతో ఆరు వారాలు పనిచేసి, 2012లో ఫలితాలు ప్రచురించింది. కొందరి విషయంలో ఆ బిడ్డకే నేర్పారు, కొందరి విషయంలో తోటిపిల్లలకు నేర్పారు. తోటిపిల్లలకు నేర్పిన చోటే ఆటస్థలంలో ఒంటరితనం ఎక్కువగా తగ్గింది. అర్థం చేసుకోలేకపోవడం రెండువైపులా ఉంటుందని, తానూ ఆటిజం ఉన్న సామాజిక శాస్త్రవేత్త డామియన్ మిల్టన్ అదే ఏడాది రాశారు.

చరిత్ర క్లుప్తంగా: 1943లో వైద్యుడు లియో కానర్ ఆటిజం ఉన్న 11 మంది పిల్లల గురించి రాశారు, మరుసటి ఏడు మరో వైద్యుడు హాన్స్ ఆస్పెర్గర్. 1990ల మొదట్లో అమెరికా టీచరు కరోల్ గ్రే ‘సోషల్ స్టోరీస్’ అనే చిన్న కథలు తెచ్చారు. 1999లో ఆటిజం వంటి వైకల్యాలున్నవారి సంక్షేమానికి మనకు నేషనల్ ట్రస్ట్ చట్టం వచ్చింది.

ఇప్పుడు బడికి వద్దాం. మధ్యాహ్న భోజనాన్ని తమిళనాడు బడుల్లో విస్తరించిన కామరాజ్ ఈ విరుదునగర్ గడ్డ మీద పుట్టినవారే. 2022 నుంచి ఒకటి నుంచి ఐదు తరగతుల పిల్లలకు పొద్దున టిఫినూ పెడుతున్నారు. రోజుకు రెండుసార్లు వరుస, కంచం, నిరీక్షణ. ఇంతకంటే మంచి పాఠం ఏ గదిలో దొరుకుతుంది?

ఏడేళ్ల పాపను ఊహించుకోండి. ఆమె చేతిలో ఒక బొమ్మల అట్ట: “కంచం తీసుకుంటాను. నా ముందు ఇద్దరున్నారు. వాళ్లకు పెట్టాక నాకు పెడతారు.” నేను కోరేది రెండో అట్ట, తరగతికంతటికీ: “తను మాట్లాడకపోతే అలిగినట్టు కాదు. పేరుపెట్టి పిలుద్దాం. పది లెక్కపెట్టేదాకా ఆగుదాం. కళ్లలోకి చూడమని బలవంతపెట్టొద్దు.” దేశానికి క్యాలెండర్లు అచ్చువేసే శివకాశి పక్కనే ఉంది. అట్టలకు కొదవేమిటి?

ఆ పాపకు నేర్పొద్దనను. వరుసలో ఆమె ముందున్న పిల్లతో మొదలుపెట్టమంటాను. ఆ పిల్ల వెనక్కి తిరిగి “నా తర్వాత నువ్వే” అన్న రోజున, ఎనిమిదో అంశంలో మార్కులు ఇద్దరికీ వేయాలి.

రెండు భాషల ఇల్లు
ఈ జిల్లాలో తెలుగిళ్లు చాలా ఉన్నాయి. ఇంట్లో “ఇంకొంచెం పెట్టమ్మా”, బడిలో “ఇన్నుం కొంజం పోడుంగ”. రెండు భాషలు ఆటిజం పిల్లలకు చేటు చేస్తాయని పరిశోధనలు చూపలేదు. ఇంటి భాష మాన్పించకండి. అమ్మతో కబుర్లు పోతే మొదటి స్నేహమే పోతుంది.

హక్కు
2016 దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో ఆటిజం ఒకటి. 40 శాతం, ఆపైన వైకల్యం ఉంటే 6 నుంచి 18 ఏళ్ల వరకు దగ్గరి బడిలోగానీ ప్రత్యేక పాఠశాలలోగానీ ఉచితంగా చదివే హక్కుంది. ఎంపిక బిడ్డదే.