దంపు అంటే ఊక తీయడమే.. తవుడు తీయడం కాదు

నరసరావుపేట: ‘దంపుడు బియ్యం’ అని ముద్రించిన సంచులు కిరాణా అంగళ్లలో కనిపిస్తున్నాయి. రోకటి పోటు ఎరుగని బియ్యం కూడా ఈ పేరుతో అమ్ముడవుతోంది. రబ్బరు రోలర్ల యంత్రంలో ఊక మాత్రమే తీసిన ముడిబియ్యాన్నీ ఇలాగే పిలుస్తుండటంతో అసలు దంపు అంటే ఏమిటన్న సందేహం వినియోగదారుల్లో కలుగుతోంది.

‘దంచు’ అనే క్రియ నుంచి వచ్చిన మాట దంపు. మిరపకాయలు దంచితే పొడి కావాలి. వడ్లు దంచితే గింజ చితకరాదు. రోకలి పోటుకు గింజలు ఒకదానితో ఒకటి ఒరుసుకొని ఊక విడుతుంది. దానిని చేటతో చెరిగి మళ్లీ దంచుతారు. దంపు పెరిగేకొద్దీ తవుడు పొర అరిగి బియ్యం తెల్లబడుతుంది, నూకలూ పెరుగుతాయి. కనుక ఎక్కడ ఆపాలో తెలియడమే దంపులోని నేర్పు. ముడిబియ్యం గింజంతా ఒకే ముదురు రంగులో ఉంటుంది. దంపుడు బియ్యంలో తెలుపు మధ్య తవుడు చారలు అక్కడక్కడ కనిపిస్తాయి.

పల్నాటిలో దంపు అనగానే వరి గుర్తుకు రావడం తర్వాతి మాట. 1967లో నాగార్జునసాగర్ కాలువలకు నీరు విడుదలయ్యే వరకు ఇది ప్రధానంగా మెట్ట సీమ. ఇక్కడ జొన్నకూడే గతి అని ఎత్తిపొడిచిన చాటువు శ్రీనాథుని పేరిట నేటికీ ప్రచారంలో ఉంది. ఆ మహాకవికి సన్నన్నం దొరకలేదేమో గాని, జొన్న దంపు వడ్ల దంపు కన్నా సులువైనదేమీ కాదు. నీళ్లు చిలకరించి, పొట్టు మెత్తబడ్డాక దంచాలి. తడి చాలకుంటే పొట్టు వదలదు, గింజ పిండవుతుంది.

తవుడు విలువను లోకానికి తెలిపింది కోళ్లు. జావాలో తెల్లబియ్యం తిన్న కోళ్లకు బెరిబెరి వంటి జబ్బు రావడాన్ని డచ్ వైద్యుడు ఐక్‌మన్ గమనించారు. ఆయనకు 1929లో నోబెల్ బహుమతి లభించింది. ఆ జబ్బును నివారించే బి1 విటమిన్ తవుడులో ఉంటుంది. నూనె కూడా ఉండటం వల్ల దంపుడు బియ్యం త్వరగా ముక్కిపోతుంది. కొద్దికొద్దిగా కొనడమే మేలు.

రోళ్లు మూలపడినా మాట మాత్రం సభలకెక్కింది. బియ్యం తీసేసిన ఊకను ఎంత దంచినా గింజ రాలదు. అందుకే సారం లేని ప్రసంగం ‘ఊకదంపుడు ఉపన్యాసం’ అయింది. ‘తూర్పారబట్టడం’ కూడా ఈ కోవలోనిదే అనుకుంటారు గాని, అది దంపుకు ముందు కళ్లంలో గాలికి తాలును వేరుచేసే పని.