మాట ఎవరిది? బాధ్యత ఎవరిది?

ఆస్ట్రేలియా దేశమున నార్తర్న్ టెరిటరీలోని ఒక బాలనిర్బంధగృహములో, తలకు ముసుగు తొడిగి కుర్చీకి కట్టివేసిన డిలన్ వాలర్ అను కుఱ్ఱవాని దృశ్యము 2016 జూలైలో టెలివిజన్‌లో ప్రసారము కాగా, చూచినవారెల్ల నివ్వెఱపోయిరి. అటుపిమ్మట వార్తాసంస్థలు అతనిని గూర్చి ఫేస్‌బుక్‌లో వార్తలు పెట్టుటయు, వాని క్రింద పాఠకులు నోటికి వచ్చినట్లు వ్రాయుటయు జరిగెను. వాలర్ పరువునష్టపు దావా వేసినది ఆ వ్రాసినవారి మీద కాదు, వారికి చోటిచ్చిన సంస్థల మీద. 2021 సెప్టెంబరు 8న ఆ దేశపు అత్యున్నత న్యాయస్థానము, ఏడుగురిలో ఐదుగురు న్యాయమూర్తుల ఆధిక్యముతో, పేజీ తెఱచి అభిప్రాయములను ఆహ్వానించినవారు ఆ అభిప్రాయములకును ప్రచురణకర్తలేయని నిర్ణయించినది.

నన్నాకర్షించినది మాత్రము క్రింది కోర్టులో బయటపడిన ఒక ఉపాయము. ఆనాడు ఫేస్‌బుక్ పేజీలవారికి వ్యాఖ్యలను బొత్తిగా మూసివేయు వీలు లేదు; నిషిద్ధపదముల జాబితా మాత్రము కలదు. అందు బూతులకు బదులు, ఆంగ్లమున అడుగడుగునకు దొర్లు ‘ది’, ‘ఎ’ వంటి పొట్టి మాటలను చేర్చినచో, ఏమి వ్రాసినను ఇంచుమించుగా అంతయు మఱుగుపడును. పిదప ఒక్కొక్కటి చదివి తగినదానిని విడిచిపెట్టవచ్చును. ఎలుకలున్నవని ఇంటికి నిప్పు పెట్టినట్లున్నదందురేమో గాని, న్యాయమూర్తి దీనిని ఆచరణయోగ్యముగానే గ్రహించెను.

తెలుగున ఈ జాబితా అంతగా పాఱదు. మన మాటలకు విభక్తులు అంటుకొని రూపము మారుటయే గాక, పెక్కుమంది తెలుగును ఆంగ్లలిపిలో ఎవరికి తోచినట్లు వారు వ్రాయుదురు. ఒక తిట్టును పట్టి జాబితాకెక్కించులోపల దాని అన్నదమ్ములు పదిమంది లోపలికి వచ్చి కూర్చుందురు.

ఇందు మఱియొక చిత్రము: అట్లు మఱుగుపఱచిన వ్యాఖ్య వ్రాసినవానికిని, అతని మిత్రులకును కనబడుచునే యుండును, తక్కిన లోకమునకు కనబడదు. తిట్లరాయునికి తనను వెలివేసినట్లు తెలిసినచో వేఱొక పేరుతో దిగును గావున అతని విషయమున ఇది మంచిదే. కాని మర్యాదగా తప్పు పట్టినవానిని సైతము ఇట్లే భ్రమలో నుంచుట నాకు సమ్మతము కాదు. మూసినప్పుడు మూసితిమని చెప్పవలెను.

తీర్పునకు ముందే, 2021 మార్చిలో, ఎవరు వ్యాఖ్యానింపవచ్చునో పేజీవారే నిర్ణయించుకొను వీలును ఫేస్‌బుక్ కల్పించినది. అయినను తీర్పు వెలువడిన నెలలోనే సీఎన్ఎన్ సంస్థ తన ఫేస్‌బుక్ పేజీలు ఆస్ట్రేలియా పాఠకులకు కనబడకుండ చేసికొన్నది. అంతటివారికే ఈ కాపలా బరువైనప్పుడు, పగలెల్ల బడిలో పాఠములు చెప్పి రాత్రి ఊరి గ్రంథాలయపు పేజీ చూచుకొను పంతులుగారేమి చేయగలరు? వివాదము రేపు విషయము పెట్టిన రాత్రి వ్యాఖ్యలు మూసివేసి, ఆ సంగతి అక్కడనే ఒక వాక్యమున తెలిపి, ఆదివారము తీరికగా కూర్చుండి చదువగలిగినప్పుడు తెఱచినను కొంప మునుగదు.