జామీ మసీదు (గోల్కొండ)

గోల్కొండ జామీ మసీదు హైదరాబాదునకు పడమట గల గోల్కొండ కోటలో, బాలాహిసార్ ద్వారమునకు సమీపమున ఉన్నది. దీనికి మస్జిద్-ఎ-సఫా అని మరియొక పేరు. హిజ్రీ 924లో, అనగా క్రీ.శ. 1518లో, సుల్తాన్ కులీ కుతుబ్-ఉల్-ముల్క్ దీనిని నిర్మింపజేసెను. చార్మినారు (1591) కంటె ఇది 73 సంవత్సరములు పూర్వపుది.

నిర్మాత

సుల్తాన్ కులీ ఇరాన్‌లోని హమదాన్ ప్రాంతమునుండి వచ్చిన తురుష్కుడు. ఇతని వంశము ‘ఖరా ఖుయున్లూ’ తుర్కమాన్ తెగకు చెందినది. ఆ మాటకు ‘నల్లగొర్రెలవారు’ అని అర్థము. 1467లో ‘తెల్లగొర్రెల’ తెగ వీరిని ఓడించుటతో ఆ వంశీయుల ప్రాభవము క్షీణించెను. దక్కనుకు వచ్చిన కులీ బహమనీ సుల్తానుల కొలువులో చేరి, క్రమముగా తెలంగాణమునకు పాలకుడయ్యెను. ‘సుల్తాన్’ అనునది ఇచట బిరుదు కాదు, అతని పేరులోని భాగమే. ఈ సంగతి తెలియక పొరబడువారు పెక్కుమంది.

శాసనము

ఈ మసీదుకు గల ప్రాముఖ్యము ప్రధానముగా దీని శాసనము వలన కలిగినది. కులీ 1512లో స్వతంత్రుడయ్యెనని కొన్ని పుస్తకములలోను, 1518లో అని మరికొన్నింటిలోను విద్యార్థులు చదువుచుందురు. కాని ఈ శాసనము మహమూద్ షా బహమనీని ప్రభువుగా పేర్కొనుచున్నది. కట్టించినవాడు కుతుబ్-ఉల్-ముల్క్ అను బిరుదుతో మాత్రమే కనిపించును.

జామీ మసీదు అనగా శుక్రవారపు సామూహిక ప్రార్థన జరుగు మసీదు. ఆనాడు చదువు ఖుత్బాలో ఎవరి పేరు వినబడునో అతడే ప్రభువు. కనుక ఇట్టి మసీదుపై ఎవరి పేరు చెక్కించవలెననునది చిన్న విషయము కాదు. బీదరులోని సుల్తాను అప్పటికి నామమాత్రుడే అయినను, కులీ ఆ మర్యాదను విడువలేదు. అతని సమాధిపై కూడ ‘బడే మలిక్’ అనియే కలదు; షా అని లేదు. స్వాతంత్ర్యమును ఒక సంవత్సరమునకు ముడిపెట్టుట కంటె, అధికారము మెల్లగా చేతులు మారినదనుట సమంజసము.

కులీ హత్య

1543 సెప్టెంబరు 2న వృద్ధుడైన కులీ ఈ మసీదులోనే హత్యకు గురయ్యెను. కుమారుడైన జంషీద్ ప్రేరేపణచే కోట అధికారి మీర్ మహమూద్ హమదానీ ఈ పని చేసెనని చరిత్రకారులు వ్రాసిరి. కడపటి కుమారుడు ఇబ్రహీం విజయనగరమునకు పారిపోయి, అళియ రామరాయల ఆశ్రయమున ఏడేండ్లు గడిపెను. 1550లో గోల్కొండ సింహాసనమెక్కిన ఇతడే తెలుగు కవుల ‘మల్కిభరాముడు’. అద్దంకి గంగాధరకవి తన తపతీసంవరణోపాఖ్యానమును ఇతనికే అంకితమిచ్చెను. ఈ వంశపు సేనలే 1646లో తిరుపతి చెంతనున్న చంద్రగిరిని గెలుచుకొనినవి.

నిర్మాణ శైలి

కట్టడము బహమనీ సంప్రదాయమును అనుసరించినది. ప్రవేశద్వారము దాటినచో ఆవరణ, దానికి పడమట ప్రార్థనా మందిరము వచ్చును. మక్కా మనకు పడమటి దిక్కున ఉండుటచే మిహ్రాబు పడమటి గోడలో ఉండును. మొనదేలిన కమానులు, గుమ్మటములు, సున్నపు పూత దీని లక్షణములు. అలంకరణ మితము. కార్వానులో 1671లో కట్టిన టోలీ మసీదు గచ్చుపనితో నిండియుండును. గోల్కొండనుండి నగరమునకు వచ్చు పాతదారిలోనే అది కలదు గనుక, రెండింటిని ఒకే దినమున చూచినచో నూటయేబది యేండ్లలో ఈ శైలి ఎంత మారినదో కంటికే తెలియును.