సంత ఆశీలూ, ఆటల అంగడీ

యానానికి తూర్పున, గౌతమి సముద్రంలో కలియబోయే దారిలో దరియాలతిప్ప అనే పల్లె వుంది. ఒక పక్క గోదావరి, మరొక పక్క మడ అడవి, మధ్య వలలు ఆరవేసుకున్న యిళ్లు. ఆ పల్లె నుంచి మా యింటికి ఏళ్ల తరబడి చేపలు తెచ్చే ముసలామె ఒకరున్నారు. మా యింట్లో చిన్నా పెద్దా అందరం ఆమెను మామ్మ అనే పిలుస్తాం. వేట నిషేధం రోజులలో ఒకనాడు మామ్మ వుత్త తట్టతో వచ్చి మా అరుగు మీద కూర్చున్నది. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మరపడవలు సముద్రం మీదికి పోకూడదు. ఆ 61 రోజులూ పల్లెలో చేతిలో డబ్బు ఆడదు.

"మాస్టారూ, మా మనవడు కంప్యూటర్లో ఏదో ఆట కట్టాడండీ. దాన్ని అంగట్లో పెట్టాలంటే తొమ్మిది వేలు కావాలంటన్నాడు. ఇంకా ఒక్కటీ అమ్ముడు పోలేదు, ముందే అంగడోడికి డబ్బు కట్టడమేంటండీ? మీరు చదువుకున్నోరు, కాస్త వాణ్ణి కనుక్కోండి" అన్నది.

ఆ ఆదివారం నేను దరియాలతిప్ప వెళ్లాను. కుర్రవాడు డిగ్రీ చదువుతున్నాడు. ఎవరో వాడి వదిలేసిన కంప్యూటరును కొనుక్కొని, రెండేళ్లు దాని ముందు కూర్చొని ఆ ఆట తయారుచేశాడట. ఆటలో ఒక చిన్న నావ, మడ కాలువలు, దూరాన ఏటి మొగ. పోటు మీద లోపలికి వెళ్లి, వల వేసి, నీరు లాగేలోగా నావను ఒడ్డుకు చేర్చాలి. నేను ఆడి చూశాను. మూడు సార్లూ నావను బురదలో దింపేశాను. కుర్రవాడు నవ్వు ఆపుకొని, "పర్లేదు మాస్టారూ, మొదట అందరూ అంతేనండీ" అన్నాడు.

ఇక రుసుము సంగతి. పిల్లలున్న ప్రతి యింటికీ యిప్పుడో మరి కొన్నాళ్లకో వచ్చే ప్రశ్న గనుక, కాస్త వివరంగా చెప్పుకొందాం.

పూర్వం ఆటను డబ్బాలో పెట్టి దుకాణంలో అమ్మేవారు. ఇప్పుడు దుకాణం కూడా కంప్యూటరులోనే వున్నది. వాటిలో పెద్దది స్టీమ్. అమెరికాలోని వాల్వ్ అనే కంపెనీ దీనిని 2003లో ప్రారంభించింది. ఇక్కడ ఆట పెట్టదలచినవారు ఒక్కొక్క ఆటకు 100 డాలర్లు చెల్లించాలి. మన లెక్కన సుమారు తొమ్మిది వేల రూపాయలు. ఆ ఆట మీద 1000 డాలర్ల అమ్మకం జరిగితే ఆ సొమ్ము తిరిగి యిస్తారు. జరగకపోతే యివ్వరు. ఇదిగాక ప్రతి అమ్మకంలోనూ నూటికి 30 వంతులు అడితి. ఆపిల్ వారి అంగట్లో ఏడాదికి 99 డాలర్లు. ఏడాది తిరిగి మళ్లీ కట్టకపోతే సరకు అంగట్లోంచి తీసివేస్తారు. ఆండ్రాయిడ్ ఫోన్లకు సరకు అందించే గూగుల్ ప్లేలో ఒకేసారి 25 డాలర్లు. ఎపిక్ వారు 2023 నుంచి ఆటకు 100 డాలర్లు పుచ్చుకొంటున్నారు, అడితి మాత్రం నూటికి 12 వంతులకు మించదు. 2013లో వెలసిన ఇచ్.ఐఓ అనే చిన్న అంగడిలో ప్రవేశ రుసుమే లేదు. అడితి ఎంత యివ్వాలో అమ్మేవాడే నిర్ణయించుకోవచ్చు. ఏమీ యివ్వకపోయినా ఆక్షేపణ లేదు.

ఉచితంగా తలుపు తీసే అంగడి వుండగా, రుసుము పుచ్చుకొనే అంగడి దేనికి అని మీరు అడగవచ్చు. దీనికి వెనుక ఒక కథ వుంది.

1980 ప్రాంతంలో అమెరికాలో ఇంటి టెలివిజన్‌కు తగిలించి ఆడే ఆటలు విరివిగా అమ్ముడయ్యేవి. ఎవరు పడితే వారు, ఎలా పడితే అలా ఆటలు చేసి దుకాణాలలో పోశారు. కొన్నవారు మోసపోయి, చివరకు మంచి ఆటను కూడా నమ్మడం మానేశారు. 1983లో ఆ వ్యాపారం కుప్పకూలింది. ఆటారీ కంపెనీ అమ్ముడుపోని సరకును లారీలకెత్తించి న్యూ మెక్సికో ఎడారిలో గోతులు తీసి పూడ్చిపెట్టింది. తరువాత 1985లో జపానుకు చెందిన నింటెండో అమెరికాలో అడుగుపెట్టి, తన అనుమతి లేని ఆట తన యంత్రంలో ఆడకుండా లోపల తాళం వంటి చిప్ ఒకటి అమర్చింది. ఒక్కొక్క కంపెనీ ఏడాదికి అయిదు ఆటలకు మించి తేరాదన్నది. చెత్త తగ్గిన మాట నిజమే. కాని తలుపు దగ్గర కాపలా పెట్టిన నాడు దరియాలతిప్ప కుర్రవాడి వంటివాడు ఆ గడప తొక్కగలడా?

స్టీమ్ కూడా మొదట తాను ఎంచిన ఆటలనే పెట్టేది. 2012లో గ్రీన్‌లైట్ అనే పద్ధతి తెచ్చి, ఏ ఆట కావాలో జనమే వోటు వేయండి అన్నది. కొద్ది రోజులకే వుత్తుత్తి ఆటలు, వేళాకోళపు అర్జీలు వచ్చిపడ్డాయి. అందుకని 100 డాలర్ల రుసుము పెట్టి, ఆ సొమ్మును ఆసుపత్రులలోని పిల్లలకు ఆటవస్తువులిచ్చే ధర్మసంస్థకు పంపింది. వోట్లు వున్న చోట వోట్ల బేరం కూడా వుంటుంది గదా! అదీ జరిగింది. చివరకు 2017లో వోట్ల పద్ధతి ఎత్తివేసి, రుసుము కట్టినవారికి తలుపు తెరవాలని నిశ్చయించారు. ఎంత పెట్టాలని ఆటలు చేసేవారిని అడిగితే, 100 డాలర్లు చాలునన్నవారూ వున్నారు, 5000 పెట్టమన్నవారూ వున్నారు. 100కే స్థిరపరచారు. కొత్త పద్ధతి అమలులోకి వచ్చినది 2017 జూన్ 13. యానాం ఫ్రెంచి పాలన నుంచి బయటపడినది కూడా జూన్ 13నే, 1954లో. ఈ మాట చెప్పగానే కుర్రవాడు, "అయితే మనకు కలిసొచ్చే రోజేనండీ" అన్నాడు.

మరి రుసుము వల్ల చెత్త ఆగిందా? 2024 ఒక్క సంవత్సరంలో స్టీమ్‌లో 18 వేలకు పైగా ఆటలు విడుదలయ్యాయి. రోజుకు 50 అన్నమాట. గూగుల్ ప్లే వారికి కూడా 25 డాలర్ల కంచె చాలలేదు. 2023 చివర నుంచి కొత్తగా సొంత ఖాతా తెరిచేవారు 20 మంది చేత వరసగా 14 రోజులు పరీక్ష చేయించాలని నియమం పెట్టి, 2024లో ఆ సంఖ్యను 12కు తగ్గించారు. డబ్బున్న మోసగాడికి 100 డాలర్లు లెక్కకాదు. డబ్బులేని నిజాయితీపరుడికి అది కొండ. రుసుము కొలిచేది జేబు బరువునే గాని, ఆట విలువను కాదు.

అలాగని రుసుము వట్టి దోపిడీ అనడమూ న్యాయం కాదు. అంగడివాడు సరకు పరీక్షించాలి, ప్రపంచంలో ఏ మూల నుంచి అడిగినా అందించాలి, డబ్బు వసూలు చేయాలి, నచ్చలేదన్నవారికి తిరిగి యివ్వాలి. కొనేవాడి వైపు నుంచి చూసినా, తలుపు పూర్తిగా బార్లా తీస్తే మంచి ఆట చెత్తలో కలిసిపోతుంది. అమెరికాలో ఎరిక్ బరోన్ అనే యువకుడు నాలుగేళ్లకు పైగా ఒంటరిగా కూర్చొని 'స్టార్‌డ్యూ వ్యాలీ' అనే పల్లెటూరి సేద్యపు ఆట చేశాడు. గ్రీన్‌లైట్ తలుపు గుండానే వచ్చి 2016లో విడుదలైన ఆ ఆట 4 కోట్లకు పైగా ప్రతులు అమ్ముడయింది. మన హైదరాబాదులోని ఓగర్ హెడ్ స్టూడియో వారు 'అసుర' అనే ఆటను 2017లో స్టీమ్‌కు ఎక్కించారు. అంగడి లేకపోతే వీరిని ఎవరెరుగుదురు?

నేను యిదంతా మామ్మకు విడమరచి చెప్పాను. ఆమె సావధానంగా విని అన్న మాటలు నాకింకా గుర్తున్నాయి. "ఆశీలు వద్దని నేననలేదండీ. సంతలో ఆశీలు లేకపోతే అడుగు పెట్టడానికి చోటుండదు, వూడ్చేవాడుండడు. కాని తట్టకో రేటు, బండికో రేటు, లారీకో రేటు వుంటాదండీ. తట్టకీ లారీకీ ఒకటే అంటే తట్టోళ్లు ఇంటికి పోవాల్సిందే."

ఫ్రెంచివారి నాడు యానాం మంగళవారపు సంతకు విదేశీ సరకు కోసం ఎక్కడెక్కడి నుంచో జనం వచ్చేవారు. సంత మర్మం ఎరిగిన వూరి మాట అది. మామ్మ మాట పట్టుకొని నేనూ కుర్రవాడూ లెక్క వేశాం. ఒక చిన్న ఆట 500 డాలర్లకు అమ్ముడయిందనుకోండి. అడితి 150. తిరిగిరాని రుసుము 100. వెరసి 250, అంటే సగం అంగడికే పోయింది. 1000 డాలర్లు దాటినవాడికి రుసుము తిరిగి వస్తుంది గనుక పోయేది నూటికి 30. ఇక కోటి డాలర్లు దాటిన అమ్మకాల మీద అడితి 25 వంతులకు, 5 కోట్లు దాటితే 20 వంతులకు తగ్గిస్తామని స్టీమ్ వారు 2018లో ప్రకటించారు. తట్ట సగం యిచ్చుకొంటుంటే లారీ అయిదో వంతుతో దాటిపోతున్నది!

మరొక విడ్డూరం. ఈ అంగడి మన దేశంలో కొనేవారికి రూపాయలలో, మన స్తోమతుకు తగిన ధరలు పెట్టమని ఆటలవారికి సలహా యిస్తుంది. కొనేవాడి బీదరికం గుర్తించిన అంగడి, అదే వూళ్లో అమ్మేవాడి బీదరికం ఎందుకు గుర్తించదు? రుసుము వుండాలి. కాని అది ధరావత్తు లాగా వుండాలి. మొదటి నూరు డాలర్ల అమ్మకానికే తిరిగి యిచ్చివేస్తే, నిజంగా పనిచేసినవాడికి నష్టం వుండదు, వుత్తుత్తి వాడికి భయమూ వుంటుంది. బీద దేశాల వారికీ, మొదటి ఆట తెచ్చిన విద్యార్థికీ తట్ట రేటు పెట్టాలి. నా అభిప్రాయం యిది.

అయితే అంగడివాడు మారేదాకా మన పిల్లలు చేతులు ముడుచుకొని కూర్చోనక్కరలేదు. తల్లిదండ్రులకు రెండు మాటలు. పిల్లవాడు డబ్బు అడిగితే "ఆటలకు డబ్బేమిటి" అని కసరకండి. అప్పు చేసి కట్టనూవద్దు. ముందు రుసుము లేని అంగడిలో పెట్టమనండి. ఎరుగనివారు ఓ నలభై మంది ఆడి ఏమంటారో వినమనండి. ఆ మీదట పెద్ద సంతకు తీసుకుపోవచ్చు.

మా కుర్రవాడు అలాగే చేశాడు. నెల రోజులలో కొద్దిమందే ఆడారు. వారిలో ఒకరు, పోటు వచ్చేటప్పుడు కాలువలో నావ మరీ సులువుగా తిరుగుతున్నదని, అంత సులువు కూడదని రాశారట. మామ్మ మొదటి రోజే అదే మాట అన్నది గాని వాడు వినలేదు. ఇప్పుడు దిద్దుకొంటున్నాడు. నిషేధం ముగిసి పడవలు కదిలాయి. వరద నీటికి పులస ఎదురెక్కే రోజులు వస్తే తొమ్మిది వేలలో సగం తానిస్తానని, మిగతా సగం వాడే సంపాదించుకోవాలని మామ్మ షరతు పెట్టింది. వాడు సాయంకాలాలు చిన్న పిల్లలకు లెక్కలు చెబుతున్నాడు.

మన సభ్యుల యిళ్లలో యిటువంటి పనిలో వున్న పిల్లలు వుంటే, వారి అనుభవం రాసి పంపవలసిందని కోరుతున్నాను.