బొమ్మ ఆగితే.. తప్పెక్కడ?

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ: తొలకరి పలకరించగానే పల్లెల్లో సంతోషంతోపాటు ఒక చిన్న చికాకు కూడా మొదలవుతుంది. మబ్బు కమ్మితే చాలు, టీవీలో బొమ్మ గడులు గడులుగా చీలిపోతుంది. ఆపై ‘సిగ్నల్‌ లేదు’ అన్న అక్షరాలే తెరపై మిగులుతాయి. వాన వెలిశాక కొన్ని ఇళ్లలో బొమ్మ తిరిగి వస్తుంది. మరికొన్ని ఇళ్లలో రోజులు గడిచినా రాదు. మెకానిక్‌ కోసం ఎదురుచూపులు, వచ్చాక డిష్‌ మార్చాలనో బాక్సు మార్చాలనో సలహాలు, వందల రూపాయల ఖర్చు మామూలైపోయాయి. తీరా చూస్తే లోపం తుప్పు పట్టిన పిన్నులోనో, కోతి కదిపిన డిష్‌లోనో ఉండవచ్చు. తప్పు ఎక్కడుందో ఒక వరుసలో చూసుకుంటే అనవసరపు ఖర్చు తప్పుతుంది.

యాంటెన్నా కాలం ముగిసింది

ఉమ్మడి రాష్ట్రానికి టీవీ ఉపగ్రహం ద్వారానే పరిచయమైంది. 1975 ఆగస్టు నుంచి 1976 జులై వరకు సాగిన ‘సైట్‌’ ప్రయోగంలో ఆరు రాష్ట్రాల్లోని 2,400 గ్రామాలకు ఉపగ్రహం నుంచి నేరుగా కార్యక్రమాలు అందాయి. అందులో ఆంధ్రప్రదేశ్‌ పల్లెలూ ఉన్నాయి. 1977లో హైదరాబాద్‌ దూరదర్శన్‌ కేంద్రం మొదలైంది. తరువాతి ఏళ్లలో ఇళ్లపై యాంటెన్నాలు వెలిశాయి.

టీవీ టవరు నుంచి వెలువడే తరంగాలు దాదాపు తిన్నగా ప్రయాణిస్తాయి. భూమి గుండ్రంగా ఉన్నందున 150 మీటర్ల టవరు నుంచి పది మీటర్ల గొట్టంపై ఉన్న యాంటెన్నాకు సుమారు 60 కిలోమీటర్ల వరకే అవి సజావుగా అందుతాయి. హైదరాబాద్‌కు రోడ్డు మార్గాన 130 కిలోమీటర్లకు పైబడిన దూరంలో ఉన్న ఈ ప్రాంతంలో ఎత్తయిన ఇనుప గొట్టాలు, బూస్టర్లు అవసరమైంది అందుకే. ఒకరు మేడపై గొట్టం తిప్పుతుంటే, మరొకరు కింద నుంచి ‘వచ్చింది.. పోయింది’ అని కేక వేయడం ఆ తరానికి బాగా గుర్తు.

ఆ ముచ్చట ఇప్పుడు లేదు. వ్యూహాత్మక ప్రాంతాల్లోని సుమారు 50 మినహా దేశంలోని పాతకాలపు అనలాగ్‌ ట్రాన్స్‌మిటర్లను 2022 మార్చి నాటికి మూసివేయాలని ప్రసారభారతి నిర్ణయించి, దశలవారీగా తొలగించింది. అందువల్ల ఇళ్లపై మిగిలిపోయిన పాత యాంటెన్నాలకు బూస్టర్లు బిగించినా ఫలితం ఉండదు. తుప్పు పట్టిన గొట్టం గాలికి విరిగి కరెంటు తీగలపై పడే ప్రమాదం ఉన్నందున, వాటిని జాగ్రత్తగా దించేయడమే మేలు.

చుక్కలు పోయి గడులు వచ్చాయి

అనలాగ్‌ రోజుల్లో సిగ్నల్‌ తగ్గితే బొమ్మపై చుక్కలు పెరిగేవి. మసకగానైనా వార్తలు వినిపించేవి. డిజిటల్‌ పద్ధతిలో అలా కాదు. సిగ్నల్‌ ఒక హద్దు వరకు తగ్గినా బొమ్మ అద్దంలా కనిపిస్తుంది. హద్దు దాటగానే గడులుగా విడిపోయి ఆగిపోతుంది. అంటే నిన్నటి వరకు బాగా వచ్చిన టీవీ నిన్నటి వరకు పూర్తి ఆరోగ్యంతో ఉందని కాదు. డిష్‌ నెలల తరబడి కొద్దికొద్దిగా పక్కకు జరుగుతూ హద్దు అంచుకు చేరి ఉండవచ్చు. చిన్న జల్లుకే బొమ్మ పోతోందంటే వాన కన్నా డిష్‌నే ముందు అనుమానించాలి.

రెండు గీతలు చెప్పే నిజం

బాక్సు మెనూలోకి వెళితే సిగ్నల్‌ వివరాల వద్ద రెండు గీతలు కనిపిస్తాయి. ఒకటి ‘స్ట్రెంగ్త్‌’, రెండోది ‘క్వాలిటీ’. చాలామంది మొదటిదాన్నే చూసి సిగ్నల్‌ ఉందని భ్రమపడతారు. డిష్‌ చేతి చివరన ఉండే ఎల్‌ఎన్‌బీకి కరెంటు అందితే చాలు, డిష్‌ ఎటు చూస్తున్నా మొదటి గీత కొంత లేస్తుంది. బొమ్మను తెచ్చేది రెండో గీత.

- స్ట్రెంగ్త్‌ ఉండి క్వాలిటీ సున్నా అయితే: డిష్‌ కదిలింది, లేదా ఎదురుగా అడ్డు వచ్చింది. బాక్సులో ఎవరైనా అమరికలు మార్చినా ఇలాగే అవుతుంది. ఎల్‌ఎన్‌బీ ఫ్రీక్వెన్సీ వద్ద 9750-10600 ఉందో లేదో చూడాలి.
- రెండూ సున్నా అయితే: వైరు తెగింది, పిన్ను ఊడింది, లేదా ఎల్‌ఎన్‌బీ చెడిపోయింది.
- రెండూ బాగుండి బొమ్మ లేకపోతే: డిష్‌ను ముట్టుకోనవసరం లేదు. రీఛార్జి గడువు, కార్డు, టీవీకి బాక్సుకు మధ్యనున్న తీగ, టీవీలో ఎంచుకున్న ఇన్‌పుట్‌ చూసుకోవాలి.

డిష్‌ను అనుమానించే ముందు ఒక చిన్న పరీక్ష ఉంది. పొరుగింట్లో అదే కంపెనీ బాక్సును అడిగి తెచ్చి మన వైరుకు తగిలించాలి. దానికీ సిగ్నల్‌ రాకపోతే లోపం మేడపై ఉంది. వస్తే మన బాక్సుదే లోపం. ఐదు నిమిషాల ఈ పనితో కొత్త బాక్సు ఖర్చు తప్పవచ్చు.

ఆగ్నేయానికి.. 64 డిగ్రీల ఎత్తున

దూరదర్శన్‌ ఉచిత డీటీహెచ్‌ సేవ 2004 డిసెంబరులో డీడీ డైరెక్ట్‌ ప్లస్‌ పేరుతో మొదలై, తరువాత డీడీ ఫ్రీడిష్‌గా మారింది. నెలవారీ చందా లేని ఈ సేవలో డీడీ యాదగిరి, డీడీ సప్తగిరి కూడా లభిస్తాయి. దీని ప్రసారాలు 2015 నవంబరులో ప్రయోగించిన జీశాట్‌-15 ఉపగ్రహం నుంచి వస్తున్నాయి. అది భూమధ్యరేఖకు పైన, సుమారు 36 వేల కిలోమీటర్ల ఎత్తున, 93.5 డిగ్రీల తూర్పు రేఖాంశం వద్ద ఉంది.

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడలలో ఎక్కడి నుంచి చూసినా ఆ ఉపగ్రహం దిక్సూచిపై ఉత్తరం నుంచి సుమారు 140 డిగ్రీల వద్ద ఉంటుంది. వాస్తు లెక్కలో చెప్పాలంటే ఆగ్నేయ మూలకు కాస్త దక్షిణంగా. నేల నుంచి చూపు ఎత్తు సుమారు 64 డిగ్రీలు. ఇళ్లపై వాడే డిష్‌లు ఏటవాలు అమరిక గలవి కనుక ఆకాశంలో అంత ఎత్తుకు చూస్తున్నట్లు కనిపించవు, మరింత నిటారుగా నిలబడి ఉంటాయి. ఇది చూసి డిష్‌ వాలిపోయిందని పైకి ఎత్తేవారు ఉన్న సిగ్నల్‌నూ పోగొట్టుకుంటారు.

అన్ని కంపెనీల డిష్‌లు ఒకే వైపు చూడవు. 83 డిగ్రీల వద్ద ఉన్న టాటా ప్లే ఉపగ్రహాలకు ఇక్కడి డిష్‌ దాదాపు దక్షిణానికి తిరగాలి. 108 డిగ్రీల వద్ద ఉన్న ఎయిర్‌టెల్‌ ఉపగ్రహానికి మరింత తూర్పుగా, మరింత కిందికి చూడాలి. పక్కింటి డిష్‌ను చూసి మన డిష్‌ తిప్పే ముందు రెండూ ఒకే కంపెనీవా అని అడగాలి.

60 సెంటీమీటర్ల డిష్‌ అంచు ఒక్క సెంటీమీటరు జరిగినా చూపు దాదాపు రెండు డిగ్రీలు తప్పుతుంది. సిగ్నల్‌ సగానికి పడిపోవడానికి అది చాలు. తిప్పవలసి వస్తే మొదట స్తంభంపైన, బిగింపుపైన పెన్నుతో గుర్తు పెట్టుకోవాలి. పక్కలకు ఒకసారి, ఎత్తుకు ఒకసారి విడివిడిగా, వెంట్రుకవాసి చొప్పున కదుపుతూ ప్రతిసారీ రెండు క్షణాలు ఆగాలి. బాక్సు సిగ్నల్‌ను గుర్తించడానికి ఆ వ్యవధి అవసరం. ఎల్‌ఎన్‌బీ నిటారుగా కాక వంకరగా బిగించి ఉండటం లోపం కాదు, మన ప్రాంతానికి ఆ మెలిక కావాలి. దాన్ని సరిచేయబోయి చెడగొట్టరాదు.

వాన, ఎండ, కోతి

డిష్‌కు వచ్చే తరంగం పొడవు మూడు సెంటీమీటర్ల లోపే. జోరువానలో నీటి చినుకులు దాన్ని పీల్చుకుంటాయి, చెదరగొడతాయి. కుండపోత వేళ పది, ఇరవై నిమిషాలు బొమ్మ పోవడం సహజం. తరచూ పోతుంటే 90 సెంటీమీటర్ల డిష్‌ వేసుకోవచ్చు. అది 60 సెంటీమీటర్ల డిష్‌ కన్నా రెండింతలకు పైగా సిగ్నల్‌ను పోగుచేస్తుంది.

ఎండ నిండుగా ఉన్నా ఏడాదికి రెండుసార్లు బొమ్మ పోతుంది. మార్చి రెండో వారంలోను, సెప్టెంబరు చివర లేదా అక్టోబరు మొదట్లోను కొన్ని రోజులపాటు ఉదయం 11 గంటల ప్రాంతంలో సూర్యుడు సరిగ్గా జీశాట్‌-15 వెనుకకు వస్తాడు. సూర్యుని రేడియో తరంగాల హోరులో ఉపగ్రహ సిగ్నల్‌ కొద్ది నిమిషాలు మునిగిపోతుంది. దానికి మరమ్మతు లేదు, అవసరమూ లేదు. పైగా ఆ రోజులు ఒక పరీక్షకు పనికివస్తాయి. ఆ వేళ డిష్‌ అంతటా ఎండ పడుతుంటే దారి తేటగా ఉన్నట్లు. వేపకొమ్మ నీడో, వాటర్‌ ట్యాంకు నీడో పడుతుంటే సిగ్నల్‌కు అదే అడ్డు.

ఇక కోతులు. డిష్‌పై కూర్చోవడం, వైరు లాగడం, ఎల్‌ఎన్‌బీ మూత కొరకడం వాటికి ఆట. వైరును స్తంభానికి, గోడకు దగ్గర దగ్గరగా కట్టి వేలాడకుండా చూడాలి. డిష్‌ వెనుక నట్లు గట్టిగా బిగించి, స్తంభాన్ని సిమెంటు దిమ్మెలో నిలపాలి.

కొన్ని ఛానళ్లే పోతే

ఎల్‌ఎన్‌బీకి విడిగా కరెంటు తీగ ఉండదు. బాక్సే అదే వైరు ద్వారా 13 లేదా 18 వోల్టులు పంపుతుంది. ఒక రకం తరంగాలకు 13, రెండో రకానికి 18. వైరు పాతబడి, పిన్ను తుప్పు పట్టి వోల్టేజీ తగ్గితే 18 వోల్టులపై వచ్చే ఛానళ్లు మాత్రమే పోతాయి. రెండు రకాల తరంగాలూ వాడే కంపెనీల డిష్‌లలో ఈ లక్షణం కనిపిస్తే డిష్‌ తిప్పడం వృథా. బాక్సు ఆపి, వైరు చివర కొద్దిగా కోసి, కొత్త పిన్ను వేసి చూడాలి. పై అల్లిక తీగ ఒక్క పోగైనా మధ్య రాగి తీగకు తగలరాదు. ఎల్‌ఎన్‌బీ నుంచి దిగే వైరును కిందికి ఒక వంపు తిప్పి కడితే వాననీరు పిన్నులోకి చేరకుండా వంపు వద్దే కారిపోతుంది.

ఫ్రీడిష్‌లో ఏప్రిల్‌ మొదట్లో కొన్ని ఛానళ్లు మాయమైతే అది లోపం కాకపోవచ్చు. ఛానళ్ల స్థానాలను వేలంలో ఏటా కేటాయిస్తారు, కొత్త జాబితా ఏప్రిల్‌ 1 నుంచి అమలవుతుంది. బాక్సులో ‘ఆటో స్కాన్‌’ చేస్తే ఉన్నవన్నీ తిరిగి వస్తాయి.

కేబుల్‌ కనెక్షన్‌ అయితే

దేశంలో కేబుల్‌ ప్రసారాల డిజిటలీకరణకు తుది గడువు 2017 మార్చి 31తో ముగిసింది. కేబుల్‌ ఇళ్లలో బొమ్మ ఆగితే ముందు పక్కింట్లో అడగాలి. వీధంతా పోతే లోపం స్తంభంపైనున్న లైనులోనో, దానికి అందే కరెంటులోనో ఉంటుంది. మన ఇంట్లోనే పోతే రెండు టీవీలకు పంచే స్ప్లిటర్‌ తీసి, వైరును నేరుగా బాక్సుకు ఇచ్చి చూడాలి. ఫిర్యాదు చేసినప్పుడు ఫిర్యాదు సంఖ్య తప్పక అడిగి రాసుకోవాలి. పట్టించుకోకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌ 1915కు చెప్పుకోవచ్చు.

ప్రాణం ముందు

సీరియల్‌ పోతే రేపు చూడవచ్చు. ఇనుప గొట్టం 11 కేవీ తీగకు తగిలితే రెండో అవకాశం ఉండదు. తీగలు ఇంటిని ఆనుకుని పోతున్నచోట గొట్టం ఎత్తడం, దించడం చేయరాదు. విద్యుత్‌ శాఖ 1912 నంబరుకు చెప్పి సరఫరా ఆపించాకే పని మొదలుపెట్టాలి. వానలో, ఉరుములు వినిపిస్తుండగా, చీకటిలో మేడ ఎక్కరాదు. రేకుల కప్పుపై పిల్లలను ఎక్కించి డిష్‌ తిప్పించడం అసలే కూడదు. డిష్‌నో, వైరునో ముట్టుకోగానే చేయి జిల్లుమంటే ఇంట్లోని ప్లగ్గులు తీసి, ఎలక్ట్రీషియన్‌ను పిలిచేదాకా దాన్ని ఎవరూ తాకకూడదు. పిడుగులు పడే వేళ బాక్సు, టీవీ ప్లగ్గులతోపాటు డిష్‌ వైరును కూడా విప్పి పక్కన పెడితే బాక్సు, టీవీ రెండూ దక్కుతాయి. ఆ వైరు విప్పే పని మబ్బు కనిపించినప్పుడే చేయాలి, ఉరుము మొదలయ్యాక కాదు.