క్రిస్టల్ లేని యూఎస్‌బీ బోర్డుకి టైమ్ ఎవరు చెప్తారు?

చాలా మైక్రోకంట్రోలర్ బోర్డుల్లో చిప్ పక్కన వెండి రంగులో ఒక చిన్న డబ్బా మెరుస్తూ ఉంటుంది. అదే క్వార్ట్జ్ క్రిస్టల్. చిప్ దాని తాళానికే నడుస్తుంది. మా హాబీ టీమ్ ఈ సెమిస్టర్‌లో ఒక చిన్న యూఎస్‌బీ కీప్యాడ్ చేస్తోంది. డిజైన్ చూసిన ఫస్టియర్ తమ్ముడు ఒకడు "అక్కా, క్రిస్టల్ మర్చిపోయారు" అన్నాడు. మర్చిపోలేదు, కావాలనే తీసేశాం. క్రిస్టల్, దాని పక్కన రెండు కెపాసిటర్లు పోతే బోర్డులో ఒక మూల ఖాళీ అవుతుంది. కానీ లెక్క తప్పితే ఆర్డర్ ఇచ్చిన ఇరవై బోర్డులూ కంప్యూటర్‌కి అర్థం కాని భాష మాట్లాడతాయి. అందుకే ఆర్డర్‌కి ముందు కాగితం మీద లెక్క వేశాను. ఆ లెక్కే ఈ వ్యాసం.

మామూలు యూఎస్‌బీ కేబుల్లో నాలుగు తీగలు. కరెంటుకి రెండు, డేటాకి రెండు. క్లాక్ కోసం వేరే తీగ లేదు. మా కీప్యాడ్ వాడేది ఫుల్ స్పీడ్, అంటే సెకనుకి 1.2 కోట్ల బిట్లు. ఒక్కో బిట్ 83 నానోసెకన్లే ఉంటుంది. ఎక్కడ ఒక బిట్ అయిపోయి ఇంకోటి మొదలైందో చిప్ తన సొంత గడియారంతోనే తేల్చుకోవాలి. క్రిస్టల్ లేకపోతే ఆ గడియారం చిప్ లోపలి ఆర్‌సీ ఆసిలేటర్. ఎండకి ఒకలా, ఏసీ గదిలో ఇంకోలా నడిచే రకం. ఒక శాతం అటూ ఇటూ అవడం దానికి మామూలే. యూఎస్‌బీ నియమం చూస్తే ఫుల్ స్పీడ్‌కి 0.25 శాతం దాటకూడదు అంటుంది.

ఇక్కడ నిజానికి రెండు సమస్యలు ఉన్నాయి. వినడం ఒకటి, మాట్లాడటం ఒకటి. చాలా చోట్ల రెండిటినీ కలిపి చెప్పేస్తారు, అందుకే నాకు చాలా రోజులు బుర్రకెక్కలేదు.

వినడం తేలిక. యూఎస్‌బీలో 0 పంపాలంటే తీగ మీద స్థితి మారుతుంది, 1 అయితే మారదు. వరసగా ఆరు 1లు వస్తే పంపేవాళ్లు మధ్యలో ఒక 0 ఇరికించి తీరాలి. అంటే ఎంత ఆలస్యమైనా ఏడు బిట్లకి ఒకసారి మార్పు కనిపిస్తుంది. మార్పు కనిపించిన ప్రతిసారీ చిప్ "ఇక్కడ బిట్ మొదలు" అని సర్దుకుంటుంది. మన గడియారం 1 శాతం తప్పినా, ఏడు బిట్లలో పోయేది ఒక బిట్‌లో 7 శాతమే. బిట్ మధ్యలో చదువుతాం కాబట్టి ఇబ్బంది లేదు.

మాట్లాడేటప్పుడు అలా కుదరదు. సర్దుకోడానికి అవతలి నుంచి ఏమీ రాదు, మన వేగమే సరిగ్గా ఉండాలి. పాత గోడ గడియారం ఉన్న ఇళ్లవాళ్లకి ఇది వెంటనే అర్థమవుతుంది. రోజూ రేడియో వార్తల టైముకి ముల్లు సరిచేయడం ఒక పని. లోలకం కింద ఉండే చిన్న మర తిప్పి అసలు వేగాన్నే సరిచేయడం ఇంకో పని. వినడానికి ముల్లు సర్దితే చాలు. మాట్లాడాలంటే మర తిప్పాలి.

మరి రేడియో వార్తలు ఎక్కడివి? కంప్యూటరే ఇస్తుంది. ఫుల్ స్పీడ్‌లో ప్రతి 1 మిల్లీసెకనుకి అది ఒక చిన్న ప్యాకెట్ పంపుతుంది, పేరు స్టార్ట్ ఆఫ్ ఫ్రేమ్. కంప్యూటర్లో క్రిస్టల్ ఉంటుంది కాబట్టి ఈ మిల్లీసెకను 0.05 శాతం లోపు కరెక్టు. మేం ఎంచుకున్న ఎస్‌టీఎం32ఎఫ్‌042 చిప్‌లో 48 మెగాహెర్ట్జ్ ఆసిలేటర్ ఉంది. దాని పక్కనే క్లాక్ రికవరీ సిస్టమ్ అనే చిన్న సర్క్యూట్ కూర్చుని ఒక ప్యాకెట్ నుంచి ఇంకో ప్యాకెట్ దాకా టిక్కులు లెక్కపెడుతుంది. 48,000 రావాలి. ఎక్కువొస్తే మన గడియారం పరిగెడుతోంది, తక్కువొస్తే నత్తనడక.

ఉదాహరణకి 48,300 వచ్చాయి అనుకుందాం, అంటే 0.6 శాతం పైనే తప్పు. మర ఒక మెట్టు తిప్పితే సుమారు 0.14 శాతం, అంటే 67 టిక్కులు మారతాయి. తేడా 34 లోపు ఉంటే సర్క్యూట్ ముట్టుకోదు, ఎందుకంటే అర మెట్టు కన్నా చిన్న తప్పుని సరిచేయబోతే అవతలి పక్కకి తప్పుతుంది. 102 లోపు ఉంటే ఒక మెట్టు, దాటితే రెండు. మన 300 తేడా మొదటి ప్యాకెట్‌కి 166 అవుతుంది, రెండో ప్యాకెట్‌కి 32. అంతే, రెండు మిల్లీసెకన్లలో పని అయిపోయింది. మిగిలిన తప్పు 0.07 శాతం. కంప్యూటర్ సొంత తప్పు 0.05 కలిపినా 0.12. నియమం ఇచ్చిన 0.25లో సగం కూడా వాడుకోలేదు. ఇదంతా హార్డ్‌వేరే చూసుకుంటుంది, మన కోడ్‌కి పని లేదు.

ఇక్కడ తమ్ముడు ఇంకో మంచి ప్రశ్న వేశాడు. "గడియారం సరిగ్గా లేనప్పుడు ఆ మొదటి ప్యాకెట్‌ని చిప్ ఎలా చదువుతుంది?" వినడానికి 1 శాతం తప్పు ఉన్నా చాలు కదా, అందుకే చదవగలదు. పైగా కేబుల్ పెట్టగానే కంప్యూటర్ రీసెట్ ఇచ్చి, ఆ తర్వాత కనీసం 10 మిల్లీసెకన్లు ఏమీ అడగకుండా ఆగుతుంది. ఆ టైములో స్టార్ట్ ఆఫ్ ఫ్రేమ్‌లు మాత్రం వస్తూనే ఉంటాయి. మనం మొదటిసారి నోరు విప్పేలోపు పదిసార్లు విన్నట్టు.

ఈ ఉపాయం కొత్తదేం కాదు. ఏటీటైనీ85 అనే ఎనిమిది కాళ్ల చిప్‌లో యూఎస్‌బీ హార్డ్‌వేరే లేదు. అయినా వీ-యూఎస్‌బీ లైబ్రరీ అదే మిల్లీసెకనుని సాఫ్ట్‌వేర్‌తో కొలిచి, బైనరీ సెర్చ్‌తో ఆసిలేటర్‌ని సరిచేస్తుంది. డేటా స్ట్రక్చర్స్ క్లాసులో నేర్చుకున్న బైనరీ సెర్చ్ ఇలాంటి చోట కనిపిస్తే నాకు భలే సంతోషం. అక్కడ వాడేది లో స్పీడ్, దానికి 1.5 శాతం దాకా మాఫీ.

అలాగని అన్ని బోర్డుల్లోంచీ క్రిస్టల్ పీకేయకండి. 480 మెగాబిట్ల హై స్పీడ్‌కి తప్పు 0.05 శాతం దాటకూడదు. మన మరలో ఒక్క మెట్టే 0.14 శాతం, ఇంక ఎక్కడ కుదురుతుంది? కేబుల్ పీకేసి బ్యాటరీ మీద నడిపితే రేడియో ఆగిపోయినట్టే. 1 శాతం తప్పే గడియారం రోజుకి 14 నిమిషాలు తేడా చూపిస్తుంది. హాజరు నమోదు చేసే మెషిన్ ఎవరైనా చేస్తుంటే ఈ ముక్క గుర్తుపెట్టుకోండి. రెండు క్రిస్టల్ లేని బోర్డులని ఒకదానికొకటి కలిపినా పనికిరాదు, ఎవరో ఒకరి దగ్గర అసలు టైమ్ ఉండాలి.

కీప్యాడ్ ఎప్పుడూ కంప్యూటర్‌కే తగిలించి ఉంటుంది, ఫుల్ స్పీడ్ దాటదు. కాబట్టి ఆర్డర్ ఇచ్చేశాం. బోర్డులు వచ్చాక హాస్టల్లో ఎవరి దగ్గరైనా హెయిర్ డ్రయర్ తీసుకుని వేడిగాలి కొడుతూ ఆ మర విలువ ఎన్ని మెట్లు కదులుతుందో చూస్తాం. రావాలనుకునేవాళ్లు లాప్‌టాప్ తెచ్చుకోండి.